బిల్లు సరే, ఆ గంటన్నర సంగతేంటి?

ప్రశ్న: అక్కా, మాది ఒంగోలు. బోస్టన్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నవంబర్‌లో ఒక శనివారం నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి న్యూ హాంప్‌షైర్‌లో ఫ్రాంకోనియా రిడ్జ్ అనే కొండల వరస ఎక్కడానికి వెళ్ళాం. ప్లాన్ నాదే. కొండ కింద బయల్దేరేసరికే పదకొండున్నర అయింది. పైన గాలి గట్టిగా ఉంటుందని ఫోన్‌లో చూశాం. కానీ రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వచ్చాక వెనక్కి పోవడం ఏంటని ఎక్కేశాం. కాళ్ళకి మామూలు స్పోర్ట్స్ షూస్. పైన రాళ్ళ మీద ఐస్ ఉంది. దిగుతుంటే మాలో ఒకడు జారిపడి మోకాలు తిరిగింది. కాసేపటికే చీకటి పడింది. మా దగ్గర ఫోన్ల వెలుతురు తప్ప ఇంకేం లేదు. ఎమర్జెన్సీ నంబరు 911కి చేద్దామని నేనంటే, "అంబులెన్స్‌కే వేలు వేస్తారు, ఇక హెలికాప్టర్ వస్తే ఇంతే సంగతులు, ఆగు" అని ఆపారు. అలా గంటన్నర వాదించుకుంటూ కూర్చున్నాం. ఆఖరికి ఆరింటికి నేనే చేశాను. రాత్రి తొమ్మిదింటికి వచ్చారు. వాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుంటూ కిందికి తెచ్చేసరికి రెండు దాటింది.

ఇప్పుడు మాది నిర్లక్ష్యమని, రెస్క్యూ ఖర్చు కట్టమని ముగ్గురికి నోటీసు వచ్చింది. అంతా కలిపి మూడు వేల డాలర్లకి కాస్త తక్కువ. నాలుగో అతను ముందే పాతిక డాలర్లు పెట్టి ఏదో కార్డు కొనుక్కున్నాడట, అతనికి రాలేదు. మాలో ఒకడు "టాక్స్‌లు కడుతున్నాం కదా, మళ్ళీ ఇదేంటి, లాయర్‌ని పెడదాం, లేదంటే ప్లాన్ వేసింది నువ్వు కాబట్టి నువ్వే కట్టు" అంటున్నాడు. కార్డు ఉన్నవాడు వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మా ఆవిడ కట్టేసి వదిలెయ్యమంటుంది. వీసాకి ఏమైనా అవుతుందేమోనని నాకు టెన్షన్. అసలు ప్రాణం కాపాడి డబ్బు అడగడం న్యాయమేనా అక్కా? మన దగ్గరైతే అడుగుతారా?

పేరు వద్దు, బోస్టన్

జవాబు:

తమ్ముడూ,

చివరిదాకా ఊరించకుండా ముందే చెప్పేస్తాను. కట్టెయ్. ముగ్గురూ సమానంగా వేసుకుని గడువులోపల కట్టెయ్యండి. అలాగని, కాపాడి డబ్బు అడగడం మంచి పద్ధతేనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎలా అంటున్నానో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు మీ ఫ్రెండ్ టాక్స్ మాట. అది తేల్చడం సులువు. అతను స్టేట్ టాక్స్ కడుతున్నది బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌కి. మిమ్మల్ని మోసుకొచ్చింది న్యూ హాంప్‌షైర్. ఆ రాష్ట్రంలో జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు, సేల్స్ టాక్స్ కూడా లేదు. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు లాప్‌టాప్ కొనాలన్నా, టీవీ కొనాలన్నా కారేసుకుని అక్కడి నాషువా ఊరికి వెళ్ళేది అందుకే కదా! అక్కడ టాక్స్ లేకుండా ఐఫోన్ కొనుక్కుని, అక్కడి కొండ మీద జారిపడ్డప్పుడు మాత్రం "మా టాక్స్ డబ్బులేమయ్యాయి" అంటే ఏం బాగుంటుంది?

మరి ఆ రెస్క్యూ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందంటావా? అక్కడ అడవుల్లో, కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతకడం ఫిష్ అండ్ గేమ్ అనే శాఖ పని. పేరులోనే ఉంది, అది చేపలు పట్టేవాళ్ళకీ వేటాడేవాళ్ళకీ లైసెన్సులిచ్చే శాఖ. దాని ఖర్చులో పెద్ద భాగం ఆ లైసెన్సు ఫీజుల మీదే నడుస్తుంది. పడవలు, మంచు మీద నడిపే స్నోమొబైళ్ళు, అడవి దారుల్లో నడిపే ఏటీవీ బండ్లు రిజిస్టర్ చేయించుకునేవాళ్ళు తలా ఒక డాలర్ రెస్క్యూ ఫండ్‌కి వేస్తారు. కొండలెక్కేవాళ్ళు మాత్రం ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. ఫోన్లు చేసేదేమో ఎక్కువగా వాళ్ళే. ఏడాదికి దాదాపు 200 రెస్క్యూలు. చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చునే ముసలాయన లైసెన్సు డబ్బుతో, బోస్టన్ నుంచి వీకెండ్‌కి వచ్చిన కుర్రాళ్ళని మోసుకురావడం ఏం న్యాయమని అక్కడ చాలా ఏళ్ళు గొడవ నడిచింది. ఆ గొడవలోంచే ఈ బిల్లు పుట్టింది. ఒకప్పుడు తెలిసి తెలిసీ తెగించినవాళ్ళనే అడిగేవారు. 2008 నుంచి నిర్లక్ష్యం ఉన్నా చాలు, అడగొచ్చని చట్టం మార్చారు.

లాయర్‌ని పెడితే ఏమవుతుందో కూడా ఊహించనక్కర్లేదు. మీరెక్కిన రిడ్జ్ మీదే 2012లో ఒకాయన ఒంటరిగా నడుస్తూ, ఒక రాతి మీదుగా గెంతబోతే తుంటి కీలు తప్పింది. అది పెట్టుడు కీలు, అంతకుముందే చాలాసార్లు తప్పింది. ఆ రోజు వాతావరణం బాగోదని ముందే చెప్పారు. బిల్లు తొమ్మిది వేల డాలర్ల పైన. ఆయన కోర్టుకెళ్ళాడు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయింది. 2015లో కోర్టు కట్టాల్సిందేనంది. అక్కడ చూసేది ఒక్కటే: ఆ పరిస్థితిలో బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా ఏం చేసేవాడు, నువ్వు అది చేశావా లేదా? నీ కేసు ఆ లెక్కలో వేసి చూడు. నవంబర్‌లో తొమ్మిది మైళ్ళ దారికి పదకొండున్నరకి బయల్దేరారు. నాలుగున్నరకల్లా పొద్దు గూట్లో పడుతుంది. తలకి పెట్టుకునే లైటు ఒక్కటి కూడా లేదు. ఐసు మీద స్పోర్ట్స్ షూస్. గాలి ఉందని తెలుసు, అయినా ఎక్కారు. దారిలో ఉండే గ్రీన్‌లీఫ్ హట్ కూడా అక్టోబర్‌లోనే మూసేస్తారు, తల దాచుకోడానికి చోటు లేదు. నీ ఉత్తరంలో మొదటి పేరా చాలు, అవతలి లాయరు ఇంకేం వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మనవాళ్ళు ఈ కొండల దగ్గర ఎందుకు మోసపోతారో నాకో అనుమానం ఉంది. మీరెక్కిన రిడ్జ్ మీదుండే లఫాయెట్ శిఖరం ఐదు వేల రెండొందల అడుగుల పైచిలుకు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తలనీలాలిచ్చి వచ్చినవాళ్ళకి ఆ అంకె పెద్ద లెక్కలోకి రాదు. కానీ తిరుమల దారిలో లైట్లుంటాయి, పైన కప్పు ఉంటుంది, మోకాళ్ళ మెట్టు దగ్గర కాళ్ళు పట్టేస్తే కూర్చోడానికి చోటుంటుంది, వెనకాల గోవిందా అనే జనం ఉంటారు. న్యూ హాంప్‌షైర్ కొండల మీద నాలుగున్నర వేల అడుగులు దాటితే చలికీ గాలికీ చెట్టే నిలవదు. ఆ పక్కనే ఉన్న మౌంట్ వాషింగ్టన్ 6,288 అడుగులే. దాని మీద 1934 ఏప్రిల్ 12న గంటకి 231 మైళ్ళ గాలి నమోదైంది. మన దివిసీమ తుఫాను చూసినవాళ్ళకి కూడా అలాంటి గాలి తెలీదు. కొండ ఎత్తు చూసి కాదు, అక్కడి గాలి చూసి భయపడాలి. 2022 నవంబర్‌లో ఆ రిడ్జ్ మీదే ఒంటరిగా వెళ్ళిన ఒక కాలేజీ అమ్మాయి చలికి చనిపోయింది. రోజుల తరబడి వెతికారు. ఆ వెతికినవాళ్ళలో కొందరు మీ ఫ్రెండ్‌ని కూడా మోసే ఉంటారు.

మోయడం అంటే ఏంటో నువ్వు కళ్ళారా చూశావు కాబట్టి నీకు చెప్పనక్కర్లేదు, మీ ఫ్రెండ్‌కి చెప్పాలి. ఒక మనిషిని స్ట్రెచర్ మీద రాళ్ళ దారిలో దించాలంటే ఒకసారికి ఆరుగురు పట్టుకోవాలి. కాసేపటికి చేతులు లాగేస్తాయి, ఇంకో ఆరుగురు మారాలి, తర్వాత మరో ఆరుగురు. అంటే పద్దెనిమిది ఇరవై మంది కావాలి. వాళ్ళలో జీతం తీసుకునే ఆఫీసర్లు కొద్దిమందే. మిగతా వాళ్ళు పెమిగెవాసెట్ వ్యాలీ టీమ్ లాంటి వాలంటీర్లు. పొద్దున టీచరో, వడ్రంగో, నర్సో. శనివారం రాత్రి అన్నం దగ్గర నుంచి లేచి వచ్చినవాళ్ళు. మీకొచ్చిన బిల్లులో వాళ్ళకి పోయేది ఏమీ లేదు. అది ఆఫీసర్ల గంటలకీ బండ్లకీ. వాలంటీర్లకి మీరు కట్టేది సున్నా.

ఆల్బర్ట్ డౌ అని ఒకాయన ఉండేవాడు. 28 ఏళ్ళ కుర్రాడు, మౌంట్ వాషింగ్టన్ దగ్గర రెస్క్యూ వాలంటీరు. 1982 జనవరిలో ఇద్దరు కుర్రాళ్ళు ఐస్ క్లైంబింగ్‌కి వెళ్ళి, మంచు తుఫానులో దారి తప్పి కొండకి అవతలి పక్కన లోయలోకి దిగిపోయారు. వాళ్ళ కోసం వెతుకుతుంటే జనవరి 25న మంచు చరియ విరిగి డౌ మీద పడింది. అక్కడే చనిపోయాడు. తప్పిపోయిన ఇద్దరూ ప్రాణాలతో దొరికారు. వాళ్ళలో హ్యూ హెర్ అనే అబ్బాయికి అప్పుడు పదిహేడేళ్ళు. చలికి కుళ్ళిపోయిన రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసేశారు. ఆ హ్యూ హెర్ ఇప్పుడు మీ ఊళ్ళోనే, ఎంఐటీలో ప్రొఫెసర్. కాళ్ళు లేనివాళ్ళకి నడిచే కాళ్ళు తయారుచేస్తాడు. తన కోసం వచ్చి ఒక మనిషి పోయాడన్న సంగతే తనని ఈ పనికి తోసిందని చెప్పుకున్నాడు. దీనికి ఏ శాఖ బిల్లు వేస్తుంది, ఎంతని వేస్తుంది? మీకొచ్చిన మూడు వేలు ఆ రాత్రి విలువ కాదని తెలియడం కోసమే ఈ కథ చెప్పాను.

సరే, ఇప్పుడు గంటన్నర దగ్గరికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మోకాలు తిరిగిన మనిషిని ఐసు రాళ్ళ మీద కూర్చోబెట్టి, పక్కన ముగ్గురు చదువుకున్నవాళ్ళు ఖర్చెంతవుతుందని లెక్కలు వేశారు. తిట్టడానికి అనట్లేదు తమ్ముడూ. అమెరికా వెళ్ళిన మనవాళ్ళందరికీ ఈ భయం ఒంట్లో ఇంకిపోయింది. గుండెలో నొప్పిగా ఉందని ఊబర్ బుక్ చేసుకుని ఎమర్జెన్సీకి పోయినవాళ్ళు నాకు తెలుసు. చెయ్యి విరిగితే ఇండియా టికెట్ ధర చూసినవాళ్ళు కూడా తెలుసు. మీ ఫ్రెండ్ నోట్లోంచి వచ్చిన మాట అతను కనిపెట్టింది కాదు, మన పార్టీల్లో, పాట్‌లక్కుల్లో రోజూ వినబడేదే.

నేను బిల్లుల పద్ధతిని ఒప్పుకోనిది అందుకే. చట్టంలో ఎంత సున్నితంగా రాసుకున్నా సరే. న్యూ హాంప్‌షైర్ చట్టం నిజానికి తెలివైనదే. అన్ని సామాన్లూ పట్టుకెళ్ళినవాడు దురదృష్టం కొద్దీ కాలు విరగ్గొట్టుకుంటే పైసా అడగదు. బిల్లు వెళ్ళేది చాలా కొద్దిమందికి. కానీ చలిలో వణుకుతున్నవాడి దగ్గరికి చట్టంలో సెక్షన్లు రావు. "వేలల్లో వేస్తారట" అన్న పుకారు ఒక్కటే కొండెక్కుతుంది. అది మిమ్మల్ని గంటన్నర ఆపింది. జారిపడగానే నాలుగున్నరకే ఫోన్ చేసి ఉంటే ఇంకా కాస్త వెలుగుండేది, వచ్చేవాళ్ళు ముందే బయల్దేరేవారు, మీవాడికి అంతసేపు చలి పట్టేది కాదు, వాళ్ళకి ఐసు మీద అంత రాత్రి నడక ఉండేది కాదు. డబ్బు లెక్కే చూసుకున్నా, ఆలస్యం రెస్క్యూ ఖర్చుని పెంచుతుందే గానీ తగ్గించదు.

అమెరికాలోనే కొండల రెస్క్యూ టీములెన్నో కలిసిన మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ ఎన్నో ఏళ్ళుగా ఇదే చెబుతోంది, డబ్బు భయంతో ఎవరూ ఫోన్ చెయ్యడానికి ఆలోచించకూడదని. విను, ఆ మాట అంటున్నది కొండల కింద కూర్చున్న మేధావులు కాదు, స్ట్రెచర్ మోసే మనుషులే. యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్ లాంటి నేషనల్ పార్కుల్లో వెతికి కాపాడినందుకు బిల్లు వెయ్యరు. కొలరాడోలో కూడా వాలంటీర్లు ఉచితంగానే దించుతారు. ఫ్రాన్స్‌లో షామనీ దగ్గర జెండార్మ్‌లనే పోలీసులు హెలికాప్టర్‌లో వచ్చి తీసుకెళ్ళినా మామూలుగా అడగరు. అలా అయితే జనం ఎగబడి పోరా అంటావా? పోతారు, కొంతమంది. కానీ బిల్లు చూసి ఆగిపోయే మనిషి కొండ మీద ఆగడు, ఫోన్ దగ్గర ఆగుతాడు. మీరే సాక్ష్యం. మీలో ఎవరైనా బోస్టన్‌లో బయల్దేరేటప్పుడు రెస్క్యూ బిల్లు గురించి అనుకున్నారా? అది గుర్తొచ్చింది మోకాలు తిరిగాకే.

డబ్బు ముందే తీసుకోవడం వేరు, తర్వాత వసూలు చెయ్యడం వేరు. స్విట్జర్లాండ్‌లో రేగా అని హెలికాప్టర్ రెస్క్యూ సంస్థ ఉంది. లక్షల మంది జనం ఏడాదికి కొద్ది ఫ్రాంకులు కట్టి దానికి సభ్యులుగా ఉంటారు. సభ్యుడికి ఏదైనా జరిగితే, ఇన్సూరెన్స్ ఇవ్వని ఖర్చు సంస్థ వదిలేస్తుంది. న్యూ హాంప్‌షైర్ కూడా 2015 నుంచి అలాంటిదే మొదలుపెట్టింది, హైక్ సేఫ్ కార్డు. మనిషికి పాతిక డాలర్లు, కుటుంబానికి ముప్ఫై అయిదు. అది ఉంటే నిర్లక్ష్యం కింద బిల్లు రాదు. తెలిసి తెలిసీ తెగిస్తే మాత్రం కార్డు కూడా కాపాడదు. చిత్రమేంటంటే అక్కడ వేట, చేపల లైసెన్సు ఉన్నవాళ్ళకి కూడా ఈ మినహాయింపు ఉంది. గాలం వేసే ముసలాయన కొండ మీద తప్పిపోతే బిల్లు రాదు, ఆయన ఎప్పుడో కట్టేశాడు. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. నేనైతే ట్రెయిల్ కింద పార్కింగ్ దగ్గర ఒక బోర్డు పెట్టించి, "కార్డు ఉన్నా లేకున్నా ఫోన్ చెయ్యండి" అని పెద్దక్షరాలతో రాయిస్తాను.

ఇక మీ నాలుగో అతను. అందరికీ అతని మీద కోపంగా ఉందని అర్థమవుతోంది. చట్టం ప్రకారం అతను మీకేమీ బాకీ లేడు, అతన్ని వాటా అడగొద్దు. కానీ నాకు ఒక ముక్క గుచ్చుకుంది. కార్డు కొన్నాడంటే ఆ కొండల్లో బిల్లు పడుతుందని, ప్రమాదం ఉందని అతనికి తెలుసు. ఆ కార్డు అమ్మే చోటే ఏమేం తీసుకెళ్ళాలో పది వస్తువుల లిస్టు ఉంటుంది, లైటు, మ్యాపు, వెచ్చని బట్టలు, విజిల్ అన్నీ. అది చూసి కూడా మీతో స్పోర్ట్స్ షూస్‌తోనే నడిచాడు. పైన మీరు బిల్లు గురించి కొట్టుకుంటుంటే "నా దగ్గర కార్డుంది, నేను చేస్తాను" అని ఎందుకు అనలేదు? మర్చిపోయాడేమో, భయపడ్డాడేమో. ఈ ఒక్క ప్రశ్న అతన్ని మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. గ్రూపులో కాదు.

మన దగ్గర అడుగుతారా అన్నావు. మామూలుగా అడగరు. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్ళిన 80 మందికి పైగా సందర్శకులు, వానలకి వాగు పొంగి అవతల అడవిలో ఇరుక్కుపోయారు. ఫోన్ చేశారు. వాగు దాటొద్దు, ఉన్నచోటే ఉండండని పోలీసులు చెప్పారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు రాత్రికి రాత్రి వెళ్ళి తీసుకొచ్చారు. అక్కడ ఎవరూ ఫోన్ చేసే ముందు బిల్లెంతని వాదించుకుని ఉండరు. మన పద్ధతిలో నాకు నచ్చేది ఇదొక్కటే. నచ్చనిది కూడా చెబుతాను. 2022 ఫిబ్రవరిలో కేరళలో మలంపుళ దగ్గర ఒక కుర్రాడు కొండ చీలికలో దాదాపు రెండు రోజులు ఇరుక్కుపోతే ఆర్మీ వచ్చి పైకి లాగింది. దేశమంతా టీవీలకి అతుక్కుపోయింది. మొదట కేసు పెట్టబోమన్నారు. రోజులు గడవకముందే ఇంకొకరు అదే కొండెక్కారు. అప్పుడు అటవీ శాఖ కేసు పెట్టింది. మన దగ్గర కోపం వస్తే కేసు, జాలి వస్తే పూలదండ. మధ్యలో పాతిక డాలర్ల కార్డులాంటిది ఏదీ లేదు.

నా చిన్నప్పుడు కోనసీమలో మా ఊరి కాలవలో మా అన్నయ్య కొట్టుకుపోయాడు. వద్దన్నా లాకుల దగ్గర ఈతకి దిగాడు. గట్టున కల్లు గీసి దిగుతున్న ఒకాయన, కత్తీ మోకూ అక్కడే పడేసి దూకి లాక్కొచ్చాడు. ఆ కంగారులో ఆయన కల్లు కుండ పగిలిపోయింది. ఇంటికొచ్చాక మా తాతయ్య అన్నయ్య వీపు విమానం మోత మోగించి, మర్నాడు పొద్దున్నే కుండ డబ్బులు లెక్కగట్టి వాడి చేతికిచ్చి, కొత్త పంచె పెట్టి, "నువ్వే వెళ్ళి ఇచ్చిరా" అన్నాడు. ఆయన కుండ డబ్బులు తీసుకున్నాడట, పంచె వద్దన్నాడట. మా అన్నయ్య పంచె అక్కడే పెట్టేసి పరిగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత ఆయన పోయేదాకా ప్రతి సంక్రాంతికీ మా ఇంట్లోంచి అరిసెలు ముందు ఆయనింటికే వెళ్ళేవి. కుండ డబ్బు బాకీ. అరిసెలు బాకీ కాదు. తాతయ్య ఈ రెండిటినీ ఎప్పుడూ కలపలేదు.

కాబట్టి నీ పని ఇది. కుండ డబ్బులు ముందు. మామూలుగా ముప్ఫై రోజుల గడువుంటుంది, నోటీసులో తేదీ చూసుకో. కట్టకపోతే ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సులు ఆపే అధికారం కూడా చట్టంలో ఉంది. ఒకేసారి కట్టలేకపోతే నోటీసు మీదున్న నంబరుకి ఫోన్ చేసి అడగండి, అడగడానికి సిగ్గెందుకు. వీసా గురించి, ఇది నేరం కేసు కాదు, బాకీ. మనసు నిలవకపోతే ఇమిగ్రేషన్ లాయర్‌కి నోటీసు కాపీ చూపించు, అరగంట పని. ఆ లాయరు ఖర్చు మాత్రం దండగ కాదు.

ప్లాన్ వేసింది నువ్వే కాబట్టి నువ్వే కట్టాలన్న మాటకి లొంగకు. నువ్వు వేసింది ప్లాను, ఎవరి కాళ్ళూ కట్టి లాక్కెళ్ళలేదు. గాలి సంగతి చూసి "వద్దురా" అనే హక్కు నలుగురికీ ఉంది, ఎవరూ అనలేదు. అలాగని మరీ ఎగిరిపడకు, పదకొండున్నరకి బయల్దేరడం నీ లెక్కే. ఎవరు ఫోన్ చేశారో కూడా పదేపదే గుర్తు చెయ్యకు, వాళ్ళకి గుర్తుంటుంది.

తర్వాత అరిసెలు. ఆ రాత్రి వచ్చిన వాలంటీరు టీముకి ఒక ఉత్తరం రాయి. చేత్తో రాయి, ఈమెయిల్ వద్దు. మీవాడు నడుస్తున్నాడో లేదో వాళ్ళకి ఎవరూ చెప్పరు, ఆ ఒక్క ముక్క రాసినా చాలు. వీలైతే టీముకి కొంత డబ్బు పంపండి. తాళ్ళూ స్ట్రెచర్లూ వాళ్ళు విరాళాలతోనే కొనుక్కుంటారు. మీ అమ్మకి ఈ సంగతి ఇప్పుడే చెప్పకపోయినా పర్లేదు, కానీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పేస్తారు, ఆ మనిషి నువ్వయితే మంచిది.

అన్నట్టు, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బిల్లెంతో రాశావు, ఎవరేమన్నారో రాశావు, కార్డు ఉన్నవాడు గ్రూపులోంచి వెళ్ళాడని రాశావు. మోకాలు తిరిగినవాడు ఏమన్నాడో ఒక్క ముక్క రాయలేదు. అతనికి ఎమ్మారై అయిందా? ఫిజియోథెరపీకి ఎవరు డ్రైవ్ చేసి తీసుకెళ్తున్నారు? అతని వాటా గురించి మాట్లాడే ముందు అతనింటికి ఒకసారి వెళ్ళు. వెళ్ళి వచ్చాక నాకు రాయి.